ఇంకా తేలలేదు

“నువ్వు టీచరుగా చేశావు కదా, దీన్ని ఏడో తరగతి పిల్లలకి ఎలా చెప్తావు?” అని గార్లండ్ అడిగిన సాయంత్రం నేను సింకు దగ్గర నిలబడి రొయ్యలు వలుస్తున్నాను. పెళ్లయిన పదకొండేళ్లలో నా మొగుడు నన్నడిగిన ప్రశ్నలన్నీ నాకు గుర్తే. నీలం చొక్కా ఇస్త్రీ అయిందా, మా అమ్మకి ఫోన్ చేశావా, శనివారం మా బాసూ వాళ్లావిడా భోజనానికొస్తున్నారు ఏం చేస్తున్నావు. ‘ఎలా చెప్తావు’ అని అడగడం మాత్రం అదే మొదటిసారి. చేతులు కడుక్కోకుండానే వెనక్కి తిరిగాను.

అప్పటికి మేం హ్యూస్టన్‌లో ఉంటున్నాం. గార్లండ్ పెద్ద చమురు కంపెనీలో ప్రచార విభాగంలో పనిచేసేవాడు. నేను లూసియానా దాన్ని, సముద్రం పక్కనే బెల్‌మరే అనే చిన్న ఊరు మాది. అమ్మ రొయ్యల షెడ్డులో పనిచేసి నన్నూ చెల్లెల్నీ చదివించింది. లేక్ చార్ల్స్‌లో నాలుగేళ్లు ఏడో తరగతికి సైన్సు చెప్పాను. పెళ్లయ్యాక మానేశాను. ఎవరూ మానెయ్యమనలేదు. “ముందు ఇల్లు సర్దుకో, తర్వాత చూద్దాం” అన్నారు. తర్వాత పెద్దది పుట్టింది, దాని తర్వాత చిన్నవాడు. మా అత్తగారు ఆర్డిస్ ఆదివారం భోజనాలకి వచ్చినప్పుడల్లా అందరి ముందూ, “చదువుకున్న కోడలొచ్చిందని మురిసిపోయాను, బిస్కట్లు మాత్రం ఇంకా నేనే చేసి తెచ్చుకోవాల్సొస్తోంది” అనేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు అలవాటయ్యాక ఎక్కడ ఆపాలో తెలియకుండా పోయింది.

గార్లండ్ చేతిలో ఉన్నది ఒక చిన్న పుస్తకం చిత్తుప్రతి. బళ్లకి ఉచితంగా పంచడానికి కంపెనీ అచ్చు వేయిస్తోంది. బొగ్గు, చమురు, గ్యాసు తగలబెట్టడం వల్ల భూమి వేడెక్కుతోందని పేపర్లలో రావడం మొదలైంది, పిల్లలు టీచర్లనడుగుతున్నారు, వాళ్లకి మన తరఫున ఒక జవాబు ఉండాలి అన్నాడు. చదివాను. ‘ప్రస్తుత పరిశోధనలలోని అనిశ్చితుల దృష్ట్యా’ అని మొదలైంది. నాకు నవ్వు ఆగలేదు. “ఏడో తరగతి పిల్లాడు ఈ మొదటి ముక్క చదివి కిటికీలోంచి బయటకి చూస్తాడు” అన్నాను. అతనికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కుర్చీ లాక్కుని కూచుని, “మరి నువ్వు చెప్పు” అన్నాడు.

మర్నాడు పిల్లలు బడి బస్సెక్కాక, గిన్నెలు అలాగే వదిలేసి, భోజనాల బల్ల మీద కాగితాలు పరిచాను. ఎన్నేళ్లయిందో పెన్సిలు అలా పట్టుకుని. మా ఊరి గూడబాతుకి కళ్లజోడు పెట్టి ప్రొఫెసర్‌ని చేశాను. అది ఒక్కో పేజీలో ఒక్కో ప్రశ్న వేస్తుంది. పదకొండో పేజీలో ఇలా రాశాను: ‘భూమి వేడెక్కుతోందని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు, కాదని కొందరు అంటున్నారు. ఎవరిది నిజమో ఇంకా తేలలేదు.’ రాసి పైకి చదువుకున్నాను. నోట్లో చక్కగా తిరిగింది. పన్నెండేళ్ల పిల్ల నాలిక మీద ఏ మాట నిలుస్తుందో, ఏది జారిపోతుందో నాకు తెలుసు. అది నా చేతి విద్య. మధ్యాహ్నం పిల్లలొచ్చేసరికి పొద్దుటి గిన్నెలు ఎండిపోయి ఉన్నాయి, నాకు మాత్రం ఎక్కడో గాలి తగులుతున్నట్టుంది.

గార్లండ్ దాన్ని ఆఫీసుకి తీసుకెళ్లి, మర్నాడు సాయంత్రం పువ్వుల గుత్తితో వచ్చాడు. “బాసు చదివి ఎగిరి గంతేశాడు ఓడెట్! ‘ఇది రాసినవాణ్ని వదులుకోవద్దు’ అన్నాడు.”

“ఎవరు రాశారని చెప్పావు?”

“ఎవరని చెప్తాను? నేనే అన్నాను. మా ఆవిడ రాసిందంటే ఆఫీసులో నా పరువేముంటుంది?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. పువ్వులకి నీళ్లు పోశాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను, ఆ రోజు నాకు బాధ కలగలేదు. కొంచెం చురుక్కుమంది, అంతే. నా వాక్యం ఎవరో పెద్దమనిషిని గంతేయించిందన్న సంతోషం దాన్ని మింగేసింది.

రెండో వారం బొమ్మల కోసమని ఆఫీసు ఫైలొకటి తెచ్చి నా ముందు పడేశాడు. ఫొటోలకి కింద ఒక పాత రిపోర్టు ఉంది. పదేళ్ల కిందటిది, కంపెనీ సొంత శాస్త్రవేత్తలు రాసింది. అతను చూసుకోలేదు. నేను సైన్సు చదివినదాన్ని, గ్రాఫు కనిపిస్తే చదవకుండా ఉండలేను. చదివాను. వేడెక్కుతుంది అని ఉంది. ఎంత వేడెక్కుతుందో, ఎప్పటికో కూడా ఉంది. మంచు కరుగుతుంది, సముద్రం పెరుగుతుంది, ముందుగా పల్లపు తీరాలు పోతాయి అని ఉంది. ఎక్కడా ‘కొందరు’ లేరు. పల్లపు తీరం అనగానే నాకు కనిపించింది మా ఇంటి మెట్లు. అమ్మ మెట్ల మీద కూచుని పాదాలు ఉప్పునీళ్లలో పెట్టుకోవడం.

ఆ సాయంత్రం అడిగాను. “మీవాళ్లే తేల్చేశారు కదా, మరి తేలలేదని రాయడమేంటి?”

గార్లండ్ ఫైలు మూసి సంచీలో పెట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. “అది మా ఇంట్లో మాట. బయటికి చెప్పేది వేరే. నువ్వు మాత్రం మనింట్లో గొడవలన్నీ మీ అమ్మకి చెప్తావా?”

చెప్పను. అమ్మకి ఏనాడూ ఏదీ చెప్పలేదు. ఇంటి గుట్టు కాపాడడం ఆడదాని పనని ఆమే నేర్పింది. అతను నాలో ఉన్న సైన్సు టీచరుతో వాదించలేదు, ఇల్లాలితో వాదించాడు, ఆవిడ వెంటనే ఒప్పేసుకుంది. కానీ నేను ఇక్కడితో ఆపితే తప్పంతా అతనిదే అవుతుంది. ఇంకో సంగతి ఉంది. ఆ మర్నాడు ఆఖరి ప్రతి సరిచూస్తూ, ‘ఇంకా తేలలేదు’ దగ్గర ఏదో వెలితిగా ఉందనిపించింది. పక్కన ఇంకో వాక్యం చేర్చాను. ‘మరి నువ్వేమనుకుంటున్నావు?’ తరగతి గదిలో నేను ప్రతి పాఠం చివరా అడిగే ప్రశ్న అది. పిల్లల కళ్లు వెలిగేవి, వాళ్ల ఆలోచనకి ఒకరు విలువిస్తున్నారని. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది అదే. నిజం చదివిన మర్నాడు, నిజం తెలిసి, దాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టాను. ఎవరూ అడగలేదు. బావుంటుందని పెట్టాను.

పుస్తకం లక్షల్లో అచ్చయింది. గార్లండ్‌కి అవార్డొచ్చింది. డిన్నర్‌లో మైకు ముందు నిలబడి, “రాత్రీ పగలూ నాకు వేడి కాఫీ అందించిన మా ఆవిడకి” అని గ్లాసెత్తాడు. అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఊళ్లో చెల్లెలు క్లోటిల్డ్ కొడుకు రెమీకి అప్పుడు పన్నెండేళ్లు. వాడికీ వాడి బడికీ కలిపి నలభై పుస్తకాలు నా చేత్తో కట్టి పంపించాను.

ఆ తర్వాత నన్ను పట్టుకున్నదాన్ని ఏమనాలో నాకు తెలియదు. దెయ్యం అందామంటే దానికి రూపం లేదు. ముందు మా చిన్నవాడు బళ్లో నేర్చుకొచ్చి అప్పచెప్పాడు. తర్వాత పళ్ల డాక్టరు దగ్గర వరసలో కూచున్న ఇద్దరు మాట్లాడుకుంటూంటే వినిపించింది. టీవీలో టై కట్టుకున్న మనిషి అన్నాడు. చర్చి మెట్ల మీద పాస్టరుగారు అన్నారు. కొందరంటారు, కొందరంటారు, ఇంకా తేలలేదు. మాట అటూ ఇటూ అయినా నడక నాదే, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగేవాళ్లు. ప్రతిసారీ నా వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టుండేది. నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది రాసే ఉంటారని నాకు తెలుసు, అన్నీ నావి కావు. ఆ సంగతి నాకు నేనే చెప్పుకునేదాన్ని. అయినా విన్నప్పుడల్లా నా గొంతే వినిపించేది. ఒకసారి గార్లండ్‌తో ఈ సంగతి చెప్పుకున్నాను. “నువ్వు రాయకపోతే ఇంకెవరో రాసేవాళ్లే. ఆ మాత్రం దానికి ఎందుకంత గొప్ప అనుకుంటావు నిన్ను నువ్వు?” అన్నాడు. పనికి పేరూ దక్కదు, పాపమూ దక్కదు. ఆడవాళ్ల పని అంటే అంతేనేమో అనుకున్నాను.

అమ్మ పోయింది. బెల్‌మరే స్మశానంలోనే పెట్టాం. అక్కడ నేల తవ్వితే నీళ్లే, అందుకని పెట్టెని సిమెంటు గూట్లో పెట్టి పైన పలక మూస్తారు. ఏటేటా సముద్రం ఇంకొంచెం లోపలికొచ్చేది. నేను వెళ్లినప్పుడల్లా ఇదివరకు చూసిన చెట్లు ఉప్పుకి చచ్చి తెల్లగా నిలబడి ఉండేవి.

నాలుగేళ్ల కిందట, క్లోటిల్డ్ కంటి ఆపరేషనని రెండు వారాలు ఉండడానికి వెళ్లాను. అదే వారంలో ఊరి హాల్లో మీటింగు పెట్టారు. ఇళ్లన్నీ ప్రభుత్వం తీసుకుని నలభై మైళ్లు పైకి, మెరక మీద కొత్త ఇళ్లు కట్టిస్తుంది, కానీ ఊళ్లో మూడొంతుల్లో రెండొంతుల మంది చీటీ మీద ఓటేసి ఒప్పుకోవాలి. ఇంజనీరమ్మాయి గోడ మీద మ్యాపు చూపించి, ఎక్కడిదాకా నీళ్లొస్తాయో చెప్పింది. అప్పుడు రెమీ లేచాడు. నలభై దాటాయి వాడికి, సొంతంగా రెండు రొయ్యల పడవలున్నాయి, ఊళ్లో వాడి మాటంటే మాటే.

“అమ్మాయ్, ఈ మ్యాపు నువ్వు నిన్న గీసుంటావు. నేను ఈ పాఠం ఏడో తరగతిలోనే చదివాను. వేడెక్కుతోందని కొందరంటారు, కాదని కొందరంటారు, ఎవరిది నిజమో ఇంకా తేలలేదు.” హాలువైపు తిరిగి, చేతులు చాపి అన్నాడు, “మరి మీరేమనుకుంటున్నారు?”

హాలంతా చప్పట్లు, ఈలలు.

“అదిగో మా పెద్దమ్మ! ఆ పుస్తకం మాకు పంపింది ఆవిడే. సైన్సు టీచరు! ఒకసారి లే పెద్దమ్మా!”

క్లోటిల్డ్ ఒక కంటికి కట్టుతో నా పక్కన కూచుని మోచేత్తో పొడిచింది, “లేవే అక్కా, పిలుస్తున్నాడు.”

నేను లేచాను. నోరు తెరిస్తే చాలు. అందరూ నావైపే చూస్తున్నారు, ఇంజనీరమ్మాయి కూడా, ఆమె చూపులో కొంచెం ఆశ ఉంది. ఆదివారం భోజనాల దగ్గర నవ్వే నవ్వే నా మొహం మీదకొచ్చింది. చెయ్యి ఊపి కూచున్నాను. ఊరు వద్దంది.

రెండేళ్ల తర్వాత ఆగస్టు చివర తుఫాను వచ్చింది. క్లోటిల్డ్‌ని ముందే నా దగ్గరికి తెచ్చేసుకున్నాను కాబట్టి బతికింది. ఊరు లేదు. మెట్లు మిగిలాయి కొన్నిచోట్ల, ఎక్కడికీ వెళ్లని మెట్లు. స్మశానంలో సిమెంటు పలకలు పక్కకి జరిగి, గూళ్లు తెరుచుకుని ఉన్నాయి. నీళ్లు పెట్టెల్ని తేల్చుకుని తీసుకుపోయాయి. అమ్మ గూడు ఖాళీ.

ఐదు వారాలకి ఫోనొచ్చింది. తొమ్మిది మైళ్ల అవతల, ఉత్తరాన గడ్డిబీడులో కొన్ని పెట్టెలు దొరికాయి, వచ్చి గుర్తుపట్టాలి. ఇద్దరం వెళ్లాం. తెల్లటి గుడారం, లోపల ఫ్యాన్ల చప్పుడు. లిస్టు పట్టుకున్న పెద్దాయన టోపీ తీసి, “అమ్మా, మీరు చూడక్కర్లేదు. ఏవైనా ఆనవాళ్లుంటే చెప్పండి, మేమే చూస్తాం” అన్నాడు.

“ఎడమచేతి నాలుగో వేలు సగమే ఉంటుంది,” అంది క్లోటిల్డ్. “రొయ్యల షెడ్డులో మిషన్లో పడింది. నీలం గౌను. చేతిలో జపమాల.”

ఆయన లోపలికెళ్లాడు. చాలాసేపటికి వచ్చాడు. “ఉందమ్మా. ఆమే” అన్నాడు. తర్వాత చాలా మామూలుగా, రోజంతా అదే మాట అంటున్న మనిషిలాగా, “ఈవిడ పైకి తేలింది కాబట్టి దొరికింది. తేలనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు” అన్నాడు.

బయటికొచ్చి గడ్డిలో కూచుండిపోయాను. క్లోటిల్డ్ వచ్చి పక్కన కూచుంది, అమ్మ గురించి ఏడుస్తున్నాననుకుంది, వీపు రాస్తోంది. “ఊరుకో అక్కా, దొరికింది కదా. పై ఊళ్లో పెడదాం, మెరక మీద.”

“ఆ పుస్తకం నేను రాశాను,” అన్నాను.

“ఏ పుస్తకం?”

“రెమీ చదివింది. గూడబాతు పుస్తకం. నేను పంపడమే కాదు, నేనే రాశాను. తేలలేదన్నది అబద్ధం. అప్పటికే తేలిపోయింది. కంపెనీ వాళ్ల రిపోర్టు నా చేతులతో పట్టుకుని చదివాను. పల్లపు ఊళ్లు ముందు పోతాయని ఉంది అందులో. చదివి, ఇంకా బావుండేలా చేసి ఇచ్చాను.”

నా వీపు మీద దాని చెయ్యి ఆగిపోయింది. తియ్యలేదు, ఆగిపోయింది. గుడారంలో ఇంకెవరో పేరు పిలుస్తున్నారు. అప్పుడంది, “ఆ రోజు హాల్లో నువ్వు చెయ్యి ఊపావు కదే అక్కా.”

“ఊపాను.”

“నీ చెయ్యి చూసే నేను చీటీ మీద వద్దని రాశాను. అక్కే నవ్వుతోంది కదా, ఏం భయంలే అనుకున్నాను.” చెయ్యి తీసేసింది. “వాడికి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు.”

రెమీకి చెప్పాను. వాడు అద్దెకి తీసుకున్న ట్రైలర్ ఇంటి బయట నిలబడి మొత్తం విన్నాడు. “నువ్వు కాకపోతే ఇంకెవరో రాసేవాళ్లులే పెద్దమ్మా” అన్నాడు నన్ను ఓదార్చడానికి, కళ్లు మాత్రం నామీద పెట్టలేదు. అప్పటినుంచి నా ఫోను ఎత్తడం లేదు. క్లోటిల్డ్ ఎత్తుతుంది. ఆరోగ్యం అడుగుతుంది, చెప్తుంది, పెట్టేస్తుంది.

పోయిన వసంతంలో గార్లండ్ పేర ఉత్తరం వచ్చింది. తీరం ఊళ్లన్నీ కలిసి కంపెనీల మీద కేసు వేశాయట, పాత ఉద్యోగులతో మాట్లాడాలంటున్నారు. గార్లండ్ దాన్ని చదివి చెత్తబుట్టలో పడేశాడు. “డెబ్బై ఎనిమిదేళ్ల ముసలాణ్ని, నాకేం గుర్తుంటుంది” అని టమాటా మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లాడు. నేను ఉత్తరం తీసి, తుడిచి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను.

లాయరు దగ్గరికి వెళ్లే రోజు పొద్దున ఫలహారం దగ్గర చెప్పాను. అతను చెంచా కింద పెట్టాడు. “ఎవరికేం చెప్తావు? ఆ పుస్తకంలో నీ పేరెక్కడుంది? నవ్వుతారు నిన్ను చూసి.”

“నవ్వనీ.”

“నలభై ఏళ్ల కాపురం చేసి ఇప్పుడు ఇంటి గుట్టు రోడ్డున పెడతావా?”

అతనంటే నాకు పగ లేదు. అతని మోకాళ్ల మందులు ఎక్కడుంటాయో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. పిల్లల పాత ప్రోగ్రెస్ కార్డుల పెట్టెలోంచి నా పెన్సిలు చిత్తుప్రతులు తీసుకున్నాను. పారెయ్యలేకపోయాను వాటిని, ముప్ఫై ఏళ్లూ. కారు నేనే నడుపుకుంటూ లేక్ చార్ల్స్ వెళ్లాను.

తీరం ఊళ్ల తరఫు లాయరమ్మాయి పేరు ఇమానీ వెబ్. ముప్ఫై ఐదు ఉంటాయి. నా కాగితాలు ఒక్కొక్కటే చూసింది, గీసి కొట్టేసిన మాటల మీద వేలు పెట్టి చూసింది. నేను చెప్పినదంతా విని, కుర్చీ దగ్గరికి జరుపుకుని నా చెయ్యి పట్టుకుంది.

“మిసెస్ హాస్కెల్, మీరు ఇన్నాళ్లూ దీన్ని ఒంటరిగా మోశారు. ఇందులో మీ తప్పేముందండీ? ఉద్యోగం మానేసేలా చేశారు. మీ తెలివి వాడుకున్నారు. జీతం లేదు, పేరు లేదు. ఆ రోజుల్లో మీకు వేరే దారేది? మీరూ బాధితులే. మిమ్మల్ని సాక్షిగా చూపిస్తాం. ఒక ఇల్లాలు తన వంటింట్లో ఏం జరిగిందో చూసి చెప్తోంది అని. జనం మీ పక్షాన ఉంటారు.”

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఎవరైనా ఒక్కరు అనాలని పదకొండేళ్ల కాపురంలోనూ, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లూ ఎదురుచూసిన మాటలు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ అమ్మాయి కాగితం రుమాళ్లు అందించింది, పక్కన కూచుని నా మాటలు టైపు చేస్తున్న ఆవిడతో “సాక్షి అని రాయండి” అంది. అంత మెత్తటి మాట, అందులోకి వెళ్లి పడుకుంటే ఇక లేవక్కర్లేదు. ఆ మెత్తదనంలోనే నాకు మళ్లీ ఆ నవ్వు మొహం మీదకొస్తున్నట్టు తెలిసింది. చేసిన పని నాది కాదంటే అవార్డు నాది కాదు, నిజమే. అప్పుడు ఊరు పోయింది కూడా నావల్ల కాదు. అప్పుడు చెల్లెలి చెయ్యి నా వీపు మీంచి ఊరికే లేచినట్టవుతుంది.

కళ్లు తుడుచుకున్నాను.

“అది కొట్టేయండమ్మా,” అన్నాను టైపు చేసే ఆవిడతో. “సాక్షి అంటే పక్కన నిలబడి చూసిన మనిషి. నేను చూడలేదు. రాశాను.”